ఐసు గ్లాసులో మల్లెవాసన

మల్లెపువ్వును ఎప్పుడైనా నమిలి చూశారా? చేదు. గులాబీ రేకు కాస్త వగరు, కాస్త పసరు. లావెండర్ నేరుగా నాలుక మీద పెట్టుకుంటే మందుల షాపు గుర్తొస్తుంది. నాలుకకు తెలిసినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా మాంసం పులుసులోనూ పుట్టగొడుగుల్లోనూ తగిలే ఆ కమ్మదనం. అంతే. పువ్వు రుచి అని మనం మెచ్చుకునేదంతా నోట్లోంచి గొంతు వెనకగా ముక్కుకెక్కే వాసన. వేసవి కాక్‌టెయిళ్లలో పూలూ ఆకులూ కలపడం గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇది. మిగతా సంగతులన్నీ దీన్నుంచే పుట్టుకొస్తాయి.

మన దగ్గర మందులో కలిపేవి చాలాకాలంగా మూడే: నీళ్లు, సోడా, కూల్‌డ్రింకు. మూడింటి పనీ ఒకటే, లోపలున్న సరుకు రుచి తెలియకుండా చేయడం. ఆ సరుకు రుచి ఎరిగినవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు. ఇప్పుడు హైదరాబాద్, విశాఖ బార్లలో మెనూ తెరిస్తే ఎల్డర్‌ఫ్లవర్, హైబిస్కస్, లావెండర్, బాసిల్, రోజ్‌మేరీ వరుసగా కనిపించి ఇంటర్మీడియట్ బోటనీ రికార్డు గుర్తొస్తుంది. ఈ కొత్త మిక్సర్ల పని దాచడం కాదు, గ్లాసుకు ఒక వాసన తేవడం. అది చెప్పినంత తేలిక కాదు. ఎందుకంటే వేసవి పానీయం చల్లగా ఉండాలి, చలేమో వాసనను చంపేస్తుంది.

గాల్లోకి లేచిన అణువులే ముక్కుకు అందుతాయి. వేడిమీద అవి సులువుగా లేస్తాయి, ఐసులో కదలవు. వేడి టీలో గుప్పుమన్న ఏలకుల వాసన ఐస్‌ టీలో సగానికి పడిపోవడం ఇందువల్లే. చలికి తీపి కూడా తగ్గినట్టు తోస్తుంది. ఆల్కహాల్ ఇంకో అడ్డు. పూల వాసననిచ్చే అణువులు నీళ్లలో కంటే ఆల్కహాల్లో బాగా కరుగుతాయి, కరిగి అక్కడే కూర్చుంటాయి. నీళ్లో సోడానో పోసి పలచన చేసినప్పుడు గాని బయటికి రావు. పూల కాక్‌టెయిళ్లు ఎక్కువగా పొడవాటి గ్లాసుల్లో, సోడాతోనో నురగ వైన్‌తోనో వస్తాయంటే అది అలంకారం కాదు. పైకెగసి పగిలే ప్రతి బుడగా కొంత వాసనను ముక్కు దాకా మోసుకొస్తుంది. గ్లాసు అంచున పుదీనా కొమ్మ గుచ్చడమూ ఇలాంటి ఏర్పాటే. తాగేటప్పుడు ముక్కు ఆ కొమ్మకు తగలాలి. గ్లాసుకు అవతలి వైపున గుచ్చిన కొమ్మ ఫొటోకు మాత్రం పనికొస్తుంది.

ఇంకొకటి, వాసన ఒక్కటే ఉంటే నోటికి ఏమీ ఆనదు. నాలుకకు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆ పని తీపిది, పులుపుది. నిమ్మరసం లేని గులాబీ సిరప్ అగరుబత్తి నానబెట్టిన నీళ్లలా అనిపిస్తుంది, నాలుగు చుక్కలు పిండితే అదే షర్బత్ అవుతుంది. మొదలుపెట్టడానికి పనికొచ్చే కొలత ఒకటి చెబుతాను: 45 మిల్లీలీటర్ల జిన్, 20 పూల సిరప్, 20 నిమ్మరసం, 90 సోడా, గ్లాసు నిండా ఐసు. సిరప్ చిక్కదనాన్ని బట్టి, నిమ్మకాయ గుణాన్ని బట్టి అటూ ఇటూ జరుపుకోవాలి. జిన్ తీసేసి సోడా పెంచితే పిల్లలకూ ఇవ్వచ్చు. ఈ వ్యాసంలోని చాలా కొలతలకు ఆ సౌకర్యం ఉంది.

జిన్నే ఎందుకు? జునిపర్ కాయ తర్వాత జిన్‌లో ముఖ్యమైన దినుసు ధనియాలు. ధనియాల నూనెలో సగానికి పైగా ఉండేది లినలూల్. లావెండర్‌కూ, ఇంకా ఎన్నో పూలకూ వాసననిచ్చే వాటిలో అదీ ఒకటి. అంటే పువ్వు వచ్చేసరికి జిన్‌లో దాని చుట్టం ముందే ఉంటుంది. వోడ్కాలో చుట్టాలూ లేరు, శత్రువులూ లేరు. మనవాళ్ల చెయ్యి ముందుగా పోయేది విస్కీ, బ్రాందీ సీసాల మీదికే గనుక చెప్పాలి: మల్లె, గులాబీ లాంటివి ఆ రెండింటి ముందు నిలబడవు. విస్కీ, బ్రాందీలకు జోడీ వేరే ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

పూలన్నీ వాసన కోసమే కాదు. కొన్ని రంగు ఇస్తాయి, కొన్ని పులుపు. ఇప్పపువ్వు ఒక్కటీ ఏకంగా చక్కెరే ఇస్తుంది. చైత్రమాసపు తెల్లవారుజామున ఆ చెట్ల కింద రాలే కండగల పూలను ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, పులియబెట్టి, బట్టీ పెట్టడం ఆదిలాబాద్ గోండులకూ గోదావరి కోయలకూ తరాలుగా తెలిసిన విద్య. అక్కడ పువ్వు మందులో కలిసేది కాదు, పువ్వే మందు. దాన్ని మిక్సర్ల లెక్కలోకి లాగడం దానికి అవమానం.

రంగుకు శంఖపుష్పం. నీలం పూలను వేడినీళ్లలో వేస్తే నీళ్లు నీలమవుతాయి, నిమ్మరసం పడగానే ఊదా రంగుకు తిరుగుతాయి. పూలలోని ఆంథోసయనిన్లు పులుపును బట్టి రంగు మార్చడమే ఇందులోని రహస్యం. స్కూలు లాబులో లిట్మస్ కాగితంతో చేసింది ఇదే, అప్పుడు ఎవరూ వీడియో తీయలేదు. రుచి అడిగితే పచ్చి చిక్కుడు గింజ నానిన నీళ్ల పాటి. కాబట్టి శంఖపుష్పం వేసి ఆగిపోయిన కాక్‌టెయిల్‌లో వేరే రుచి ఏదైనా ఉందేమో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

పులుపు సంగతికొస్తే, మెనూలో హైబిస్కస్ అని రాసి మూడు వందలు తీసుకునేది మన గోంగూరనే. పెరట్లో ఉండే మందారం కాదు. హైబిస్కస్ సబ్దరిఫా అనే ఎర్రగోంగూర మొక్కకు పూలు రాలాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా మిగిలే రక్షకపత్రాలున్నాయే, అవి. మనం ఆకు దగ్గరే ఆగి పచ్చడితో తృప్తిపడ్డాం. మెక్సికో వాళ్లు ఆ ఎర్ర రేకులను కాచి చల్లార్చి హమైకా నీళ్లంటారు, ఈజిప్టులో కర్కదే, సెనెగల్లో బిస్సాప్. జమైకాలో సారెల్ పేరుతో అల్లం, రమ్ము కలిపి క్రిస్మస్‌కు తాగుతారు. వీటిని నిర్భయంగా మరిగించవచ్చు. ఇచ్చేది పులుపూ రంగూ కాబట్టి, అవి ఆవిరై ఎగిరిపోయేవి కావు. పులుపు సొంతంగా ఉంది గనుక నిమ్మ తగ్గించాలి. ఎక్కువసేపు మరిగిస్తే వగరు దిగుతుంది, పది నిమిషాలు చాలు. రెండు లవంగాలు, వేలెడు అల్లం పడితే ఇంకేమీ వెతకనక్కర్లేదు. గోంగూరకు ఇంత లోకసంచారం ఉందని గుంటూరులో చెబితే ఆశ్చర్యపోరు, ఆలస్యంగా తెలిసిందేమని అడుగుతారు.

ఇక వాసన పూలు. అసలు కష్టం ఇక్కడే. గులాబీకీ మల్లెకూ ఉన్న తేడా అర్థమైతే సగం పని అయినట్టే.

గులాబీ కోసిన దగ్గర్నుంచీ తరుగుతూనే ఉంటుంది. అందుకే కన్నౌజ్‌లోనూ ఇరాన్‌లోని కమ్సర్‌లోనూ ఎండ ముదరకముందే పూలు కోసి అదే పూట బట్టీకి ఎక్కిస్తారు. ఆవిరి పట్టినప్పుడు నూనె పైకి తేలుతుంది. గులాబీ వాసనలో పెద్ద వాటా ఉన్న ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్లలో బాగానే కరుగుతుంది కాబట్టి కింది నీళ్లలో ఉండిపోతుంది. ఆ నీళ్లే పన్నీరు. అంటే గులాబీని ఇంట్లో కష్టపడి పాకం పట్టడం కంటే మంచి పన్నీరు సీసా కొని, చక్కెర పాకం పూర్తిగా చల్లారాక కలపడమే తెలివి. సీసా మీద తినడానికి పనికొచ్చేదని రాసి ఉందో లేదో చూడాలి. ముఖానికి రాసుకునేదీ, పెళ్లిలో చల్లేదీ గ్లాసులోకి రాకూడదు. లోపల ఉన్నది గులాబీ కాకపోయే అవకాశం గట్టిగా ఉంది.

మల్లె తీరు వేరు. కోసిన తర్వాత కూడా వాసన తయారు చేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం కోసిన మొగ్గ సాయంత్రానికి జడలో విచ్చుకుని గుబాళించడం మన ఇళ్లలో అందరూ ఎరిగినదే. ఈ గుణం మీదే చైనాలో ఫుజియాన్ వాళ్లు మల్లె టీ కట్టారు. సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలను టీ ఆకుల మధ్య పరిచి రాత్రంతా ఉంచుతారు, పొద్దున్నే తీసేసి కొత్త మొగ్గలు వేస్తారు, ఇలా కొన్ని రాత్రులు. థాయ్‌లాండ్‌లో ఇంకా సులువు. సాయంత్రం గిన్నెడు నీళ్ల మీద మొగ్గలు తేలేసి మూత పెడతారు, పొద్దున్నే పూలు ఏరేస్తారు. ఆ నీళ్లలోనే అన్నం వేసి, ఐసు కలిపి ఎండాకాలం ఖావ్ చే అని తింటారు. రెండు చోట్లా వాడేది మన మల్లె జాతే.

మల్లెను మరిగిస్తే మొదట వాసన పోతుంది, తర్వాత ఆకు ఉడికిన కంపు వస్తుంది. చేయవలసిందల్లా థాయ్ పద్ధతే. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లు వెడల్పు గిన్నెలో పోసి, ఇంటి చెట్టు మొగ్గలు ఒక గుప్పెడు తొడిమలు మునగకుండా తేలేసి, మూత పెట్టాలి. పొద్దున పూలు వాడి రంగు తిరగకముందే తీసేయాలి. ఆ నీళ్లకు సమానంగా చక్కెర, పొయ్యి జోలికి పోకుండా, చెంచాతో కలుపుతూ కరిగించాలి. ఓపిక కావాలి, అంతే. ఫ్రిజ్‌లో ఒక వారం బాగుంటుంది. మొగ్గలను నేరుగా జిన్‌లో వేయడం ఇంకో దారి. ఆల్కహాల్ వాసనను తొందరగా లాగుతుంది, అదే తొందరతో చేదునూ లాగుతుంది. గంటకోసారి రుచి చూసి, సరిపోయిందనిపించగానే వడకట్టాలి. మరిచిపోయి రాత్రంతా వదిలేస్తే మిగిలేది తలనూనె.

ఇంటి చెట్టు అని ఊరికే అనలేదు. గుడిమల్కాపూర్ మార్కెట్లోనో కడియపులంకలోనో కొన్న పూలు జడకూ దేవుడికీ పండించినవి. వాటి మీద ఏ పురుగుమందు ఎప్పుడు కొట్టారో ఎవరూ చీటీ రాసివ్వరు. దేవుడికి పెట్టేదల్లా మనం తాగవచ్చనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. శివుడికి ప్రీతి అని తెచ్చే గన్నేరులో గుండె లయ తప్పించే విషం ఉంది, పచ్చగన్నేరులోనూ ఉంది. ఉమ్మెత్తలో ఉన్నది మతి చెదరగొట్టే అట్రోపిన్, స్కోపోలమైన్. ఆయన గరళం మింగి నిలిచినవాడు, పోలిక వద్దు. పేరు కచ్చితంగా తెలియని పువ్వు గ్లాసు అంచున అలంకారంగా కూడా ఉండకూడదు.

ఎల్డర్‌ఫ్లవర్ మన మైదానాల్లో లేదు, సీసాగా వస్తుంది. ఇంగ్లండ్ పల్లెల్లో మే, జూన్ నెలల్లో కంచెల వెంట తెల్లటి గుత్తులుగా పూసే చిన్న చెట్టు అది. మంచి ఎండ ఉన్న రోజు గుత్తులు కోసి, పురుగులు పోయేలా దులిపి, కడగకుండా వాడతారు. వాసన మోసే పుప్పొడి కడిగితే పోతుంది. వేడి పాకంలో నిమ్మచెక్కలు, సిట్రిక్ ఆసిడ్ వేసి, పూలు ముంచి ఒక రోజు ఉంచి వడకడితే కార్డియల్. కాడలూ ఆకులూ పడకూడదు, వాటిలో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంది. ఇంగ్లండ్‌లో ఇది అమ్మమ్మల షర్బత్. బార్లకు ఎక్కించింది మాత్రం 2007లో రాబర్ట్ కూపర్ అమెరికాలో తెచ్చిన సెయింట్ జెర్మైన్ అనే లిక్యూర్. ఆల్ప్స్ వాలుల్లో కోసిన పూలు సైకిళ్ల మీద కిందికి దిగుతాయని దాని ప్రచారం. సైకిలెక్కిన పువ్వుకు వాసన పెరుగుతుందో లేదో గాని ధర పెరిగింది. అందరూ అన్నిట్లోనూ పోయడం మొదలుపెట్టేసరికి బార్‌టెండర్లే దానికి తమ కెచప్ అని పేరు పెట్టారు. లీచీనీ, బేరి పండునూ గుర్తు చేసే మెత్తటి వాసన, పులుపుతో గొడవ పడదు, ఎక్కువైనా నేరం కాదు. ఆ విజయానికి కారణం ఇదే.

వేసవికి దాని మంచి రూపం హ్యూగో. ఇటలీ ఉత్తరాన దక్షిణ టైరోల్‌లోని నాటుర్న్స్‌లో రోలాండ్ గ్రూబర్ 2005లో కలిపాడు. నురగ వైన్ ప్రొసెక్కో, సోడా, పుదీనా, సిరప్. మొదట వేసిన సిరప్ నిమ్మవాసన ఉండే లెమన్ బామ్ ఆకుది. తర్వాత ఎల్డర్‌ఫ్లవర్ వచ్చి ఆ జాగా ఆక్రమించింది. ఇందులో ఆల్కహాల్ తక్కువ, నీళ్లు ఎక్కువ. నలభై డిగ్రీల ఎండలో కూర్చుని తాగేవాళ్లకు ఆ రెండూ అనుకూలమైన సంగతులే.

ఎల్డర్‌ఫ్లవర్ క్షమించినట్టు మిగతా పూలు క్షమించవు. న్యూ ఆర్లీన్స్‌లో 1888లో హెన్రీ రామోస్ మొదలుపెట్టిన జిన్ ఫిజ్‌లో నారింజ పూల నీళ్లు పడతాయి. గుడ్డు తెల్లసొన, మీగడ, నిమ్మ, చక్కెర, జిన్ అన్నీ పెగ్గుల్లో చెంచాల్లో పోతే ఈ నీళ్లు మాత్రం చుక్కల్లెక్క. మూడు నాలుగు చుక్కలు. చేతులు పడిపోయేలా షేకర్ ఊపడానికి రామోస్ వరుసగా కుర్రాళ్లను నిలబెట్టాడు గాని చుక్కలు మాత్రం పెంచలేదు. వయొలెట్ పూల లిక్యూర్ కథ ఇంకా తమాషా. 1916లో హ్యూగో ఎన్స్‌లిన్ న్యూయార్క్‌లో అచ్చువేసిన పుస్తకంలో ఏవియేషన్ అనే కాక్‌టెయిల్‌కు ఆకాశం రంగు తెచ్చింది అదే. 1930లో లండన్ సవాయ్ హోటల్ పుస్తకం అదే కాక్‌టెయిల్‌ను వయొలెట్ లేకుండా ఇచ్చింది. దశాబ్దాల తరబడి ప్రపంచం రంగులేని ఆకాశమే తాగింది. వయొలెట్ వాసనలోని బీటా అయొనోన్‌ను కొందరి ముక్కులు పుట్టుకతోనే సరిగ్గా పట్టలేవు. అది జన్యువుల్లో ఉన్న తేడా. కాబట్టి ఒకే గ్లాసు ఒకరికి పూలతోట, పక్కవాడికి పుల్లనీళ్లు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వాదించుకోనక్కర్లేదు.

పూల విషయంలో అసలు హద్దు గీసేది ముక్కు కాదు, దాని జ్ఞాపకం. లావెండర్ ఎక్కువైతే యూరప్ వాళ్లు సబ్బు అంటారు, ఎందుకంటే వాళ్లకు ఆ వాసన సబ్బులోనే ముందు పరిచయం. మనకు పన్నీరు అంటే పెళ్లిపందిరి గుమ్మం, చందనం అంటే స్నానాల గది, మల్లె అంటే ఏమిటో చెప్పక్కర్లేదు, మొగలి అంటే బిర్యానీ. ఆ జ్ఞాపకం లేచేదాకా పోస్తే పానీయం చెడినట్టే. ఏదో పువ్వు ఉందనిపించి, ఏదో వెంటనే తెలియని చోట ఆపేయాలి. పన్నీరైతే గ్లాసుకు పావు చెంచా. మొగలి నీళ్లయితే రెండు చుక్కలు, మూడో చుక్కకు ప్లేటూ రైతా అడుగుతారు.

ఆకులు పూలంత సున్నితం కావు, వాటి మీద జరిగే దౌర్జన్యం మాత్రం ఎక్కువ. పుదీనా నూనె ఆకు పైపొరలో చిన్న గ్రంథుల్లో ఉంటుంది. అరచేతుల మధ్య ఒక్కసారి చరిస్తే బయటికొస్తుంది. చెక్క రోకలితో పచ్చడి నూరినట్టు నూరితే దిగేది పసరు, చేదు. మోహితోలో పళ్ల సందున ఆకుముక్కలు ఇరుక్కున్నాయంటే నూరినవాడికి చెయ్యి తిరిగిందని, పని తెలియదని అర్థం. బాసిల్ దారి వేరు. అది మనకు సబ్జా గింజలిచ్చే మొక్కే. హాంబర్గ్‌లోని లె లియోన్ బార్లో యోర్గ్ మేయర్ 2008లో కలిపిన జిన్ బాసిల్ స్మాష్‌లో గుప్పెడు ఆకులు నిజంగానే నలగ్గొట్టి, జిన్, నిమ్మ, పాకంతో ఊపి, సన్నటి జల్లెడలో రెండోసారి వడకడతారు. పచ్చగా మెరుస్తుంది, వెంటనే తాగాలి, నిలవుంటే నల్లబడుతుంది. ఆ ఆకుతో సిరప్ చేసుకునేవాళ్లు ముందు పది సెకన్లు మరిగే నీళ్లలో ముంచి ఐసు నీళ్లలోకి తీస్తే నల్లబరిచే ఎంజైమ్ చస్తుంది, పచ్చదనం నిలుస్తుంది.

తులసిలో లవంగపు ఘాటు, యూజినాల్ ఇచ్చేది. అనాసతో, అల్లంతో బాగా కలుస్తుంది. చల్లటి నీళ్లలో నాలుగు దళాలు, పిసరు పచ్చకర్పూరం వేసి ఉద్ధరిణెతో కొలిచి పోసే తీర్థాన్ని మించిన హెర్బల్ వాటర్ ఏ బార్లోనూ లేదు, ముఖ్యంగా ఆ కొలత విషయంలో. అయితే తులసిని మందులో వేయడం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చేసే పని కాదు. అడగకుండా చేయడం ఇంకా మంచిది కాదు. పుదీనాతో సరిపెట్టుకోండి.

విస్కీ, బ్రాందీ వాళ్లకు జోడీ ఉందన్నాను, రమ్ము వాళ్లకూ అదే. అది పూలలో లేదు, వేళ్లలో ఉంది. వట్టివేరు వాసన బరువైనది, తొందరగా ఎగిరిపోదు, కుండనీళ్లలో రోజంతా నిలుస్తుంది. షాపుల్లో ఖస్ పేరుతో దొరికే సిరప్ చిలకపచ్చగా ఉంటుంది. వేరు గోధుమరంగుదనే సంగతి తయారీదారులకు ఎవరైనా చెప్పాలి. అంతకంటే మంచిది సుగంధి వేరు, రాయలసీమ బండ్ల మీద నన్నారి. కర్నూలు, అనంతపురం, కడప ఎండలకు ఇదే జవాబు. ఆ వేరు వాసనకు మూలమైన పదార్థం వనిల్లాలోని వనిలిన్‌కు సోదరి, అవే అణువులు వేరే వరుసలో కూర్చున్నాయి. ఓక్ పీపాల్లో ఏళ్లు గడిపిన మందుకు ఆ చెక్కలోంచి దిగేది కూడా వనిలినే. పీపాలో పండిన ముదురు రమ్ముతో నన్నారి ఎవరూ పరిచయం చేయకుండానే కలిసిపోవడానికి కారణం ఇది.

కొలత: 45 మిల్లీలీటర్ల ముదురు రమ్ము, 20 నన్నారి, అర నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, పైన సోడా. నన్నారి సీసాల్లో కొన్ని ఉత్త తీపి, రంగు మాత్రమే. వేరు ముక్కలు కొని, నలగ్గొట్టి, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి పాకం పట్టుకునే ఓపిక ఉంటే తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. సబ్జా గింజలు వేయదలిస్తే పావుగంట ముందే నానేయండి, స్ట్రా లావుపాటిది చూసుకోండి.